540 సూదుల సంసారం

మా ఇంట్లో ఎవరికీ సొంత వస్తువంటూ లేదు. దువ్వెన ఒకటే. బాత్‌రూమ్ తలుపు వెనక మేకుకు వేలాడే తువ్వాలు ఒకటే. కొబ్బరినూనె సీసా ఒకటే, దాని మూత ఎక్కడుందో తెలియకపోవడమూ ఉమ్మడి వ్యవహారమే. నా గడ్డం బ్లేడుతో మా ఆవిడ జాకెట్టు కుట్లు విప్పుతుంది. ఆవిడ కుట్టు కత్తెరతో నేను మీసం సవరించుకుంటాను. మా అమ్మ కళ్లజోడు పెట్టుకుని కరెంటు బిల్లు చదువుతాను. 'ఇది నాది, ముట్టుకోకండి' అనే మాట ఈ ఇంట్లో మా అమ్మాయి తప్ప ఎవరూ అనలేదు. ఎనిమిదో తరగతికి వచ్చాక అదీ ఆశ వదులుకుంది.

అలాంటి కొంపలోకి, ఒకరు వాడింది రెండోవారు తాకనే కూడని వస్తువు ఒకటి తెచ్చాను. దొంగతనంగా తెచ్చాను. డెర్మా రోలర్ అంటారు. చేతికి పట్టుకునే పిడి, కొసన చిన్న చక్రం, చక్రం నిండా సూదులు. చిన్నప్పుడు గట్ల మీద అరికాళ్లలో దిగిన పల్లేరుకాయకి పిడి బిగిస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. పెట్టె మీద '540 సూదులు, 0.5 మిల్లీమీటర్లు, టైటానియం' అని రాసి ఉంది. పైగా ఒకటి కొంటే ఒకటి ఉచితం. ఈ ఉచితం సంగతి గుర్తుపెట్టుకోండి, నా కొంప ముంచింది అదే.

ఈ వయసులో నెత్తి మీద సూదులు దొర్లించుకోవాలన్న బుద్ధి సీసీ కెమెరా వల్ల పుట్టింది. నేను బ్యాంకులో క్యాషియర్ని. ఒక సాయంత్రం లెక్క తేలక, మేనేజరు గదిలో కూర్చుని ఆ రోజు ఫుటేజీ చూస్తున్నాం. కెమెరా పైకప్పుకు ఉంటుంది కాబట్టి మనుషులు నడినెత్తి నుంచి కనిపిస్తారు. తెర మీద ఎవరో బట్టతల ఆసామి నా కౌంటర్లో కూర్చుని దర్జాగా నోట్లు లెక్కపెడుతున్నాడు. "వీడెవడండీ, లోపలికెలా వచ్చాడు?" అని కంగారుపడ్డాను. మా మేనేజరు మర్యాదస్తుడు, పల్లెత్తు మాట అనలేదు. నా చొక్కా వైపు ఒకసారి, తెర మీది చొక్కా వైపు ఒకసారి చూసి, మంచినీళ్లు తాగాడు.

అద్దం మనకి ముందువైపే చూపిస్తుంది. ముందు నాకింకా ఉంది. ఆ ధైర్యంతో ఇన్నేళ్లు బతికేశాను.

ఆ రాత్రి ఫోను పట్టుకుని చదవడం మొదలుపెడితే, ముంబై వైద్యులు 2013లో ప్రచురించిన పరీక్ష ఒకటి దొరికింది. బట్టతల వస్తున్న 100 మంది మగవాళ్లను తీసుకున్నారు. సగం మందికి మినాక్సిడిల్ ఒక్కటే ఇచ్చారు. మిగతా సగానికి మినాక్సిడిల్‌తో పాటు వారానికోసారి నెత్తి మీద రోలర్ తిప్పారు. 12 వారాల తర్వాత గుర్తుపెట్టిన చోట లెక్కపెడితే, మందు మాత్రమే వాడినవాళ్లకు సగటున 22 వెంట్రుకలు పెరిగాయి, రోలర్ కూడా తిప్పించుకున్నవాళ్లకు 91. క్యాషియర్‌కి పెద్ద అంకె కనిపించిందంటే కాగితం మీద మిగతా రాత కనిపించదు. అక్కడ వాడిన సూదులు ఒకటిన్నర మిల్లీమీటర్ల పొడవనీ, తిప్పింది డాక్టర్లనీ, మందు రెండు జట్లకీ ఉందనీ నాకు చాలా కాలం తర్వాత గాని కనపడలేదు. మినాక్సిడిల్ కొనలేదు. అది మొదట్లో బీపీ మాత్ర అనీ, మింగినవాళ్లకు ఎక్కడెక్కడో జుట్టు మొలవడం చూసి నెత్తికి రాసే మందుగా మార్చారనీ చదివి హడలిపోయాను. చుక్కల మందుకు జడిసి సూదులకు తెగించానన్నమాట. దీన్ని ధైర్యమనాలో ఇంకేమనాలో మీరే పేరు పెట్టండి.

గుచ్చితే చర్మం బాగుపడటం ఏమిటన్న అనుమానం రాకపోలేదు. దానికీ సమాధానం దొరికింది. 1997లో కెనడాలో కామిరాండ్ అనే ప్లాస్టిక్ సర్జన్, తన సహచరుడితో కలిసి, పచ్చబొట్టు వేసే యంత్రంలో రంగు లేకుండా ఉత్త సూదితో పాత మచ్చల మీద పొడిచి, అవి మెరుగుపడ్డాయని రాశాడు. దక్షిణాఫ్రికాలో డెస్మండ్ ఫెర్నాండెస్ అనే మరో సర్జన్ ఆ సూదుల్ని దొర్లే చక్రానికి ఎక్కించాడు. గుచ్చిన చోటల్లా ఒంటికి గాయమైందని కబురు వెళుతుంది. ప్లేట్‌లెట్లు చేరి, మరమ్మతుకు కావలసిన పదార్థాలు వదులుతాయి. కొత్త కొలాజెన్ పడుతుంది. లేని ప్రమాదాన్ని ఉందని చెప్పి శరీరంతో వెట్టిచాకిరీ చేయించుకోవడం ఇది. ఆ లెక్కన, రెండు ముంజేతులకీ పచ్చబొట్లు పొడిపించుకున్న మా నాయనమ్మకి అక్కడి చర్మమన్నా బిగువుగా ఉండేదా అని గుర్తుచేసుకున్నాను. లేదు, అక్కడా ముడతలే. అయినా కొన్నాను.

తొలిసారి తిప్పింది బాత్‌రూమ్‌లో, గడియ వేసుకుని, కుళాయి విప్పి. పైకీ కిందకీ, అడ్డంగా, ఐమూలగా తిప్పాలి. దిక్కు మార్చినప్పుడల్లా చక్రాన్ని ఎత్తి మళ్లీ పెట్టాలి. ఎత్తకుండా అక్కడికక్కడే మెలితిప్పితే సూది గుచ్చడం మాని చీరుతుంది. నొక్కకూడదు, దాని బరువు చాలు. ఇవన్నీ పెట్టెలోని కాగితంలో ఉన్నాయి. కాగితం చదవడానికి కళ్లజోడు కావాలి, కళ్లజోడు మా అమ్మ పెట్టుకుని ఉంది. కనుక నొక్కాను, మెలితిప్పాను. ఉన్నవాటిలో కాస్త పొడుగ్గా ఉన్న వెంట్రుకలు చక్రం ఇరుసుకు చుట్టుకుని కుదుళ్లతో సహా ఊడొచ్చాయి. జుట్టు మొలిపించే పరికరంతో మొదటి రోజే జుట్టు పీక్కున్నాను. తలుపవతల నుంచి మా అమ్మ, "ఒరే, ఆ చప్పుడేమిట్రా, గీజరు పాడైందా?" అంది.

మర్నాడు హెల్మెట్ పెట్టుకున్నాక తెలిసింది అసలు మంట. బెజవాడలో డిసెంబరు మధ్యాహ్నం కూడా చెమటలు కారుతాయి. బెంజి సర్కిల్ సిగ్నల్ దగ్గర నా నెత్తి మీద జరిగిన దానికి పక్క బండివాడు సాక్షి. నేను ఏడుస్తున్నాననుకుని, "పర్లేదు సార్, పడిపోద్ది సిగ్నలు" అని ఓదార్చాడు.

తిప్పడం రెండు నిమిషాల పని. దాన్ని శుభ్రంగా ఉంచడమే పెద్ద సంసారం. మొదట ఆ ఉమ్మడి తువ్వాలుతో తుడిచాను. టర్కీ తువ్వాలు పోగులు సూదులకు చిక్కుకుని, వాటిని పీకబోతే మొనలు వంగాయి. మొన వంగిందంటే ఇక గుచ్చదు, గీస్తుంది. తర్వాత కరోనా నాటి శానిటైజర్ మిగిలి ఉంటే అందులో ముంచాను. అది జిగురు రకం, సూదుల మధ్య పేరుకుపోయింది. ఉడకబెడితే పోలేదా అని పాలగిన్నెలో నీళ్లు పెట్టి పొయ్యి వెలిగించాక బుద్ధి పుట్టి కాగితం చదివాను. ప్లాస్టిక్ చక్రం వేడికి వంకరపోతుందట. ఆ నీళ్లతో టీ పెట్టుకున్నాను.

చివరికి మెడికల్ షాపు కుర్రాడు దారి చూపించాడు. కుళాయి ధార కింద కడిగి, 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ఓ పది నిమిషాలు నానబెట్టి, గాలికి ఆరనిచ్చి, మూతపెట్టెలో పెట్టాలి. తుడవకూడదు. "మంచిదేదో ఇవ్వు, 99 శాతం లేదా?" అన్నాను బేరానికి అలవాటుపడ్డ నోటితో. బాగా చిక్కటి ఆల్కహాల్ పని పూర్తికాకముందే ఆవిరైపోతుందనీ, సూక్ష్మజీవి లోపలికి దిగడానికి ఆ కాస్త నీళ్లూ ఉండాలనీ ఆ కుర్రాడే చెప్పాడు. మరి నానబెట్టడానికి గిన్నె? సూదులు అడుగుకు తగలకుండా, చక్రం మాత్రం మునిగే చిన్న పాత్ర మా ఇంట్లో ఒక్కటే ఉంది. నాకు ఆముదం పట్టిన వెండి ఉగ్గుగిన్నె. మా అమ్మకి ఈ సంగతి ఇప్పటికీ తెలియదు, ఈ వ్యాసం ఆవిడకి చదివి వినిపించకండి.

ఇక పట్టుబడటం. సంక్రాంతి ముందు మా ఆవిడ నా బ్యాగులో టిఫిన్ డబ్బా తీస్తూ పెట్టె బయటకు లాగింది. "ఏవండీ, ఏమిటిది?" ఆ క్షణంలో నిజం చెప్పి ఉంటే ఐదు నిమిషాల నవ్వుతో పోయేది. నా నోటికి ఏం వచ్చిందంటే: "చెక్కలకి కన్నాలు పొడిచేది. అమ్మ కోసం తెచ్చాను, పండగొస్తోందిగా."

అబద్ధంగా చూస్తే ఇది గొప్ప అబద్ధం. పప్పుచెక్కలు ఒత్తాక గుచ్చకపోతే నూనెలో పూరీల్లా పొంగి, కరకరలాడవు. మా అమ్మ ఏటా ఫోర్కు పట్టుకుని ఒక్కో చెక్కనీ పొడుస్తూ నడుం పట్టేసిందని మూలుగుతుంది. కొడుకు తన నడుం గురించి ఆలోచించాడని ఆవిడ కళ్లు చెమర్చాయి. ఇక వెనక్కి తీసుకునే దారి లేదు. సీలు విప్పని ఆ ఉచిత రోలర్ ఉండబట్టి బతికాను. దాన్ని వంటింటికి అర్పించి, నాది బీరువాలో దాచాను.

నిజం ఒప్పుకోవాలి, చెక్కల మీద అది అద్భుతంగా పనిచేసింది. ఒక్కసారి అలా దొర్లిస్తే చాలు, ఒక్క చెక్కా పొంగలేదు. ఎదురు ఫ్లాటు వాళ్లు వచ్చి చూసి, ఎక్కడ కొన్నారని అడిగారు. 'కిచెన్ సామాన్ల కొట్లో' అన్నాను. వాళ్లు ఇప్పటికీ వెతుకుతున్నారు.

పని అయ్యాక మా అమ్మ దాన్ని నీళ్లలో జాడించి, జత చెడకూడదని, బీరువాలో ఉన్న పెట్టె వెతికి మరీ రెండోదాని పక్కన పెట్టింది. ఆవిడ పద్ధతైన మనిషి. నేను కాదు. భోగి ముందురోజు రాత్రి అందరూ పడుకున్నాక, వెలుగు లేని బాత్‌రూమ్‌లో, చేతికందింది తీసి తిప్పాను. స్పిరిట్‌లో ముంచలేదు, పోయినసారి ముంచి దాచిందేగా అనుకున్నాను. రెండు వరసలు తిప్పాక వాము వాసన వచ్చింది. ఎక్కడి నుంచా అని వాసన చూస్తూనే ఇంకో వరస తిప్పాను. చెక్కల పిండిలో వాము ఒక్కటే ఉండదు. బియ్యప్పిండి, శనగపప్పు, కరివేపాకు, ఉప్పు ఉంటాయి. గుంటూరు కారం ఉంటుంది. మా అమ్మ చేతి కారం.

ఆ తర్వాతి అరగంట గురించి ఎక్కువ రాయను. అరవడానికి లేదు. తల కుళాయి కింద పెడితే కారం కళ్లలోకి దిగింది. పెరుగు రాసుకున్నాను. పెరుగు గిన్నె ఖాళీ కావడం తెల్లారి ఇంకో తగువు, అది పిల్లి మీదకి పోయింది.

కానీ తెల్లారింది భోగి. భోగినాడు నాకు తలంటు పోయడం మా అమ్మ పుట్టుహక్కు. నలభై దాటిన కొడుకునైనా పీట మీద కూర్చోబెట్టి, నూనె పెట్టి, కుంకుడుకాయ రసం పోసి, గోళ్లతో రుద్దితే గాని ఆవిడకి పండగ కాదు. రుద్దింది. నేను పీట మీద నుంచి లేచిన ఎత్తుకి మా ఆవిడ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. "నెత్తంతా ఎర్రగా కందిపోయిందేమిట్రా నాన్నా!" అని మా అమ్మ లబలబలాడింది. "దోమలు," అన్నాను.

మంట చల్లారాక అంతకన్నా పెద్ద భయం పట్టుకుంది. పిండి మీద దొర్లించినప్పుడు సూది ఏదైనా విరిగి చెక్కలో ఉండిపోతే? చెక్కలు అప్పటికే సగం చుట్టాలకు పంచాం. భూతద్దం, ఫోను కెమెరా పెట్టుకుని సూదులు లెక్కపెట్టడానికి కూర్చున్నాను. అప్పుడు చూశాను, అవి విడివిడి సూదులే కావు. పలచటి రేకు బిళ్లల అంచుల్ని పళ్లుగా కత్తిరించి, పక్కపక్కనే పేర్చారు. చవక రోలర్లు చాలావాటి సంగతి ఇంతేనట. ఫ్రిజ్ మీది అయస్కాంతం బొమ్మ పెట్టి చూస్తే టక్కున అతుక్కుంది. టైటానియం అయస్కాంతానికి అంటదు. 9 బిళ్లలు, బిళ్లకు 60 పళ్లు. మొత్తం 540. లెక్క సరిపోయింది. బ్యాంకులో ఏ రోజూ లెక్క సరిపోయినందుకు నేను అంత ఆనందపడలేదు.

తల ఎత్తేసరికి ఎదురుగా మా ఆవిడ. చెక్కల పరికరాన్ని భూతద్దంతో చూసే మగాడికి ఇంకో అబద్ధం అతకదు. చెప్పేశాను.

నవ్వుతారనుకున్నాను. మా ఇంటి సంగతి మరిచిపోయాను. వస్తువు ఫలానా అని తెలిశాక అందరికీ తలా ఒక పని కనిపించింది. మా ఆవిడ బుగ్గల మీద మంగు ఉంది. "ముఖానికి కూడా పనిచేస్తుందటగా" అని సాయంత్రానికల్లా నిమ్మకాయ కోసి, రోలర్ పక్కన పెట్టుకుని కూర్చుంది. పట్టుకుని ఆపాను. మన చామనచాయ ఒంటికి గాయమైతే మానేటప్పుడు మచ్చ నల్లబడటం మామూలే, ఎండ తగిలితే మరీను. మంగు పోగొట్టుకోబోయి మంగు పెంచుకున్నట్టవుతుంది. ఇక నిమ్మరసమా! సూదుల కన్నాల్లోంచి విటమిన్ సీ సీరం లోపలికి దింపుకున్న ఆడవాళ్లకు ముఖం మీద గట్టి గడ్డలు లేచాయని 2014లో అమెరికా చర్మవైద్యుల పత్రికలో వచ్చింది. అది కంపెనీ తయారుచేసిన సీరం. మనది చెట్టు మీది నిమ్మకాయ.

ఇంటర్ చదివే మావాడు ఎవరికీ చెప్పకుండా మొటిమల మీద తిప్పబోయాడు. చీముపట్టిన మొటిమ మీద చక్రం దొర్లించడమంటే ఒకచోట ఉన్నదాన్ని ముఖమంతటికీ పంచిపెట్టడం. పండక్కి వచ్చిన మా బావమరిది వాడికన్నా ఘనుడు. "బావా, నీది అయ్యాక ఓసారి ఇటివ్వు, నాకూ పల్చబడుతోంది" అని తువ్వాలు అడిగినంత తేలిగ్గా అడిగాడు.

ఇక్కడ మాత్రం నేను నవ్వలేదు. హెపటైటిస్ బి వైరస్ ఒంటి బయట, ఎండిన రక్తపు మరకలో కూడా కనీసం 7 రోజులు బతుకుతుంది. అమెరికాలో న్యూ మెక్సికోలోని లైసెన్సు లేని ఒక స్పాలో, సూదులతో ముఖానికి రక్తపు ప్లాస్మా ఎక్కించే ఫేషియల్ చేయించుకున్న ఆడవాళ్లకు హెచ్‌ఐవీ అంటింది. 2018లో బయటపడ్డ ఆ వ్యవహారం మీద అక్కడి ఆరోగ్య సంస్థ 2024లో నివేదిక ఇచ్చింది. స్పిరిట్‌లో ముంచాం కదా అంటే సరిపోదు. ఇంట్లో ముంచడం మన సూక్ష్మజీవులు మనకి తిరిగి ఎక్కకుండా చూసుకునేందుకే, ఇంకొకరికి ఇవ్వడానికి కాదు. ఇదంతా చెబితే మా బావమరిది, "ఇవ్వడం ఇష్టం లేకపోతే లేదని చెప్పొచ్చుగా" అని అలిగి, మధ్యాహ్నం బస్సుకే హైదరాబాదు వెళ్లిపోయాడు.

చర్మం డాక్టరు దగ్గరికి నన్ను మా ఆవిడే లాక్కెళ్లింది. ఆయన నెత్తి చూసి, అడ్డదిడ్డంగా ఉన్న గీతలు చూసి, "పొలం దున్నారా?" అన్నాడు. చుండ్రు ఎర్రబారి ఉండగా రోలర్ అసలు ముట్టుకోకూడదట. సోరియాసిస్ ఉన్నా, గాయాలు కెలాయిడ్‌గా లేచే ఒళ్లైనా, రక్తం పలచబరిచే మాత్రలు వాడుతున్నా సొంత వైద్యం వద్దన్నాడు. నేను 91 వెంట్రుకల పరీక్ష గురించి ఎత్తగానే నవ్వి, దాన్ని పూర్తిగా చదివి వినిపించాడు. ఒకటిన్నర మిల్లీమీటర్లన్నది ఇంట్లో చేసుకునే లోతు కాదు. మందు లేకుండా సూదులొక్కటే ఇంత మేలు చేస్తాయని ఆ కాగితం ఎక్కడా అనలేదు. రోలర్ తిప్పిన రోజు మందు కూడా రాయకుండా ఒక రోజు ఆగి రాశారు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2018లో ఇలాంటి సూదుల పరికరానికి మొదటిసారి అనుమతిచ్చింది గానీ, అది పెద్దవాళ్ల ముఖాన మొటిమలు మిగిల్చిన గుంటలకు. ఎవరికి వాళ్లు కొట్లో కొనుక్కుని ఇంట్లో గుచ్చుకోవడానికి వేటినీ అనుమతించలేదని ఆ సంస్థే చెబుతోంది.

ఇప్పుడు నేను మినాక్సిడిల్ రాసుకుంటున్నాను. జుట్టు సంగతంటారా, రాలడం తగ్గింది. మొలిచిందని మా అమ్మ ఒక్కతే అంటోంది, అదీ కళ్లజోడు లేకుండా.

రోలర్లు రెండూ పారేశాం. అదైనా తిన్నగా చేశానా, నాది తీసుకెళ్లి మామూలు చెత్తబుట్టలో వేశాను. పొద్దున్నే చెత్తబండి దగ్గర తడి చెత్త, పొడి చెత్త చేతుల్తో విడదీసే అమ్మాయిని చూసి, మేడ మీద నుంచి లుంగీతో పరిగెత్తి, సంచి వెనక్కి తెచ్చుకున్నాను. మీరూ ఎప్పుడో ఒకటి కొనే ఉంటారు, బీరువా వెనకాల ఉండే ఉంటుంది. పారేసేటప్పుడు మూత బిగించి, గట్టి ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, టేపు చుట్టి, పైన 'సూదులు' అని రాయండి. 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనల్లోనే వాడిన సూదుల్ని ఇంటి ప్రమాదకర చెత్త కింద చేర్చారు. తడి, పొడి చెత్తల్లో కలపకుండా బండి వాళ్ల చేతికి చెప్పి ఇవ్వండి.